అరగంటలో చేప, కూరగాయల రాత్రి భోజనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల గురించే ఉన్నాయి. పని నుంచి అలసి వచ్చిన సాయంత్రం, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా, చేపను, కూరగాయలను కలిపి ఇంటిల్లిపాదికీ కడుపునిండా పెట్టడం ఎలాగన్నదే చాలామంది అడిగిన విషయం. నల్లగొండ నుంచి వచ్చిన ఉత్తరం అందరికీ ఉపయోగపడేది కనుక దానికి వివరంగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది నల్లగొండ. నేను మిర్యాలగూడ వైపు ఒక ఊరి బడిలో ఉపాధ్యాయురాలిని. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఒక్కోరోజు రాత్రి ఏడవుతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి పోయిన నెల వచ్చినప్పుడు సాల్మన్ చేప ముక్కల ప్యాకెట్లు రెండు తెచ్చాడు. ఒకదాన్ని మా ఇంట్లో ఎప్పుడూ చేసే పద్ధతిలోనే చింతపండు పులుసు పెట్టాను. అరగంట మరిగిన తరువాత చూస్తే పులుసు మీద నూనె తేలింది, ముక్కలు చెదిరిపోయాయి, తింటే నోటికి పొడిపొడిగా తగిలాయి. అంత ఖరీదైన చేపను పాడుచేశానన్న బాధ ఉంది. రెండో ప్యాకెట్ ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది. దాన్ని కూరగాయలతో కలిపి అరగంటలో ఎలా వండాలి? ఇంట్లో మా అత్తమ్మతో కలిపి నలుగురం.

జవాబు: మీ పులుసులో తప్పు లేదమ్మా, ఆ పులుసుకు ఆ చేప తగినది కాదు. మనం పులుసు పెట్టే కొర్రమీను, రవ్వ, బొచ్చె వంటి చేపల్లో కొవ్వు తక్కువ. చింతపండు పులుపు వాటి కండను ఇంకొంచెం బిగువుగా పట్టి ఉంచుతుంది కాబట్టి, సన్నని మంట మీద కాస్త ఎక్కువసేపు ఉడికినా ముక్క నిలుస్తుంది. సాల్మన్ చల్లని నీళ్ళలో పెరిగే చేప. మనకు దొరికేది ఎక్కువగా నార్వే, చిలీ వంటి దేశాల్లో పెంచి పంపేదే. దాని నారింజ రంగు కండ మధ్య తెల్లని చారల్లా కనిపించేవి కొవ్వు నిండిన పొరలు. నూరు గ్రాముల పెంపకపు సాల్మన్‌లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, 13 గ్రాముల దాకా కొవ్వు ఉంటాయి. మీ పులుసు మీద తేలిన నూనెలో చాలా భాగం ఆ చేపదే. గుండెకు మంచివని చెప్పే ఒమేగా-3 కొవ్వులు ఉండేది కూడా అందులోనే.

చేప కండ పొట్టి పోగులతో, పొరలు పొరలుగా అమరి ఉంటుంది. ఆ పొరలను కలిపి ఉంచే జిగురు పదార్థం మేక కూరలో కరగడానికి గంటకు పైగా పడితే, చేపలో కొద్ది నిమిషాల్లోనే కరుగుతుంది. ముక్క లోపలి వేడి 50 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే కండ గట్టిపడడం మొదలవుతుంది. అది 60 దాటి ఇంకా పెరిగేకొద్దీ పోగులు బిగుసుకుని, లోపలి నీటిని బయటికి నెట్టేస్తాయి. ముక్క మధ్యభాగం 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే తినడానికి సురక్షితమని అమెరికా ఆహార భద్రతా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మరిగే పులుసు వేడి వంద డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, అందులో అరగంట ఉన్న సాల్మన్ పొడిబారక తప్పదు. ముక్కల మీద తెల్లని గడ్డల్లాంటివి కూడా మీకు కనిపించి ఉంటాయి. అవి ఆల్బుమిన్ అనే మాంసకృత్తి. తింటే ఏమీ కాదు. మరీ ఎక్కువగా కనిపిస్తే మాత్రం చేపను మంట మీద నుంచి ఇంకా ముందే దించి ఉండవలసిందని అర్థం.

కాబట్టి మీరు గడియారం చూసుకోవలసింది కూరగాయల కోసం. చేపకు ఏడెనిమిది నిమిషాలు చాలు. క్యారెట్‌కు, ఆలుగడ్డకు, బీన్స్‌కు అది చాలదు. రెండింటినీ ఒకేసారి పెనంలో వేస్తే కూరగాయ పచ్చిగా ఉండగానే చేప ఎండిపోతుంది. వాటిని ఒకదాని తరువాత ఒకటి అదే పెనంలో వండి, చివరి నిమిషంలో కలపడమే మంచి మార్గం.

ప్యాకెట్‌ను ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో, ఒక తలెలో పెట్టండి. ఇంటికి రాగానే బియ్యం కడిగి కుక్కర్ పొయ్యి మీద పెట్టేయండి. మీ నలుగురికీ 600 గ్రాముల చేప సరిపోతుంది. ముక్కలను కాగితంతో గానీ శుభ్రమైన పొడి బట్టతో గానీ గట్టిగా అద్ది తడి పోగొట్టండి. తడి చేప పెనానికి అంటుకుంటుంది, పైన ఎర్రగా కాలదు. వేలితో కండ మీద నిమిరి చూసి, సన్నని ముళ్ళు తగిలితే లాగేయండి. ముప్పావు చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, ఒక చెంచా కారం, ఒక చెంచా వేయించి దంచిన ధనియాలు, అర చెంచా జిలకర పొడిని రెండు చెంచాల పల్లి నూనెలో కలిపి ముక్కలకు పట్టించండి. అల్లం ఎల్లిగడ్డ ముద్దను చేపకు రాయవద్దు. వేడి పెనం మీద అది ముక్క కంటే ముందే మాడి చేదెక్కుతుంది. దాన్ని కూరగాయల్లో వేసుకోండి.

చేప మసాలా పట్టే ఆ పదినిమిషాల్లోనే కూరగాయలు తరగండి. రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్, ఒక పెద్ద క్యాప్సికం, ఒక ఉల్లిగడ్డ, రెండు గట్టి టమాటలు చాలు. క్యారెట్‌ను, బీన్స్‌ను చిటికెన వేలికంటే సన్నగా పొడుగ్గా కోస్తే నాలుగు నిమిషాలు ఆదా అవుతాయి. బీరకాయ, సొరకాయ నీరు ఎక్కువగా వదులుతాయి కాబట్టి ఈ పెనానికి పనికిరావు. బెండకాయను వాడుకోవచ్చు గానీ కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకనే కోయాలి.

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి పెనంలో రెండు చెంచాల నూనె కాగాక క్యారెట్, బీన్స్ వేసి, నాలుగు చెంచాల నీళ్ళు చల్లి, మూతపెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. నీళ్ళు ఇగిరాక ఉల్లిగడ్డ, క్యాప్సికం, అర చెంచా అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. కూరగాయలకు ఉప్పును ఈ దశలోనే వేయాలి. ముందే వేస్తే నీరూరి, వేగవలసినవి ఉడికిపోతాయి. వాటిని ఒక గిన్నెలోకి తీసి, అదే పెనాన్ని మధ్యస్థపు మంట మీద ఉంచి ఒక చెంచా నూనె వేయండి. చేప ముక్కలను చర్మం ఉన్న వైపు కిందికి ఉండేలా పరిచి, మొదటి పది సెకన్లు అట్లకాడతో మెల్లగా నొక్కి పట్టండి. లేకపోతే చర్మం ముడుచుకుని ముక్క వంకర తిరుగుతుంది. ఆ తరువాత కదపవద్దు.

ఇక ఇక్కడ గడియారం కంటే కన్నే నమ్మదగినది. ముక్క పక్కభాగాన్ని గమనిస్తే, అద్దంలా మెరిసే ముదురు నారింజ రంగు కింది నుంచి పైకి మెల్లగా లేత గులాబీగా మారుతూ రావడం కనిపిస్తుంది. అంగుళం మందం ఉన్న ముక్కలో ఆ మార్పు మూడు వంతులు పైకి రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. అప్పుడు తిరగేసి, పక్కల చుట్టూ టమాటలు, వేయించి ఉంచిన కూరగాయలు సర్ది, మూతపెట్టి రెండు నిమిషాలకు పొయ్యి ఆర్పేయండి. మరో రెండు నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే మిగిలిన ఉడుకు ఆ వేడికే పూర్తవుతుంది. చెంచా అంచుతో ముక్క మధ్యలో తాకితే కండ పొరలు వాటంతట అవే విడిపోవాలి. మీ అత్తమ్మకు గానీ పిల్లలకు గానీ లోపల ఏమాత్రం పచ్చి లేకుండా కావాలనిపిస్తే ఇంకొక నిమిషం ఉంచండి, అంతకు మించి వద్దు.

పులుపు ఆఖరుకు. నిమ్మరసాన్ని ముందే పట్టించి ఎక్కువసేపు ఉంచితే పచ్చి చేప పైపొర తెల్లబడి, వండకుండానే గట్టిపడుతుంది. వడ్డించే ముందు నకిరేకల్ నిమ్మకాయ ఒకటి పిండుకుంటే చాలు. నల్లగొండవారికి నేను ప్రత్యేకంగా చెప్పదలచింది మీ బత్తాయి గురించి. సగం బత్తాయి రసాన్ని సగం నిమ్మరసంతో కలిపి, పొయ్యి ఆర్పిన తరువాత చేప మీద పోసి చూడండి. సాల్మన్ కొవ్వుకు ఆ తీపి పులుపు ఎంతో బాగా నప్పుతుంది. అయితే బత్తాయి రసాన్ని వేడిచేయవద్దు, పిండి పక్కన పెట్టవద్దు. రెండు విధాలా చేదు వస్తుంది. అప్పటికప్పుడు పిండి అప్పటికప్పుడే పోయాలి.

కుక్కర్ ఆవిరి దిగేసరికి చేప కూడా సిద్ధమవుతుంది. నా లెక్కలో ఇది ఇరవై ఎనిమిది నిమిషాల పని, కూరగాయలను ఉదయమే తరిగి పెట్టుకుంటే ఇరవై.

ప్రశ్న: మేము వనపర్తి దగ్గర ఉంటాం. సాల్మన్ మాకు దొరకదు, దొరికినా కొనే స్థోమత లేదు. జూరాల చేపలు, చెరువు చేపలు దొరుకుతాయి. కూరగాయలతో కలిపి తొందరగా వండే పద్ధతి మా చేపలకు కూడా చెప్పగలరా? మా పాపకు ఆరేళ్ళు, ముళ్ళంటే భయం.

జవాబు: తప్పకుండా చెబుతాను. దూరదేశపు చేప లేనందువల్ల మీ భోజనానికి కొరత ఏమీ లేదు. జూరాల ఆనకట్ట దగ్గర వేయించి అమ్మే చేపల కోసం జనం పనిగట్టుకుని వెళ్తారంటే ఆ నీటి చేప రుచే కారణం. ముళ్ళ విషయంలో మాత్రం చేపను ఎంచుకోవాలి. రవ్వ, బొచ్చె చేపల్లో వీపు వైపు, తోక వైపు కండలో ఇంగ్లీషు వై అక్షరంలా చీలిన సన్నని ముళ్ళు దాగి ఉంటాయి. పొట్ట భాగంలో ఉండేవి పెద్ద పక్కటెముకలే కాబట్టి సులభంగా తీసేయవచ్చు. పాపకు పొట్ట ముక్క పెట్టండి, లేదా కొర్రమీను తీసుకోండి. మన రాష్ట్ర చేపగా ఎంపికైన కొర్రమీనులో ఆ దాగిన ముళ్ళు దాదాపు ఉండవు. నడిమి ముల్లు తీయించి, బోన్‌లెస్‌గా కోసివ్వమని చేపలు కోసే చోటే అడిగితే మీ పని సగం తగ్గుతుంది.

చెరువు చేపల్లో మట్టి వాసన కొందరికి నచ్చదు. నీళ్ళలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల ఆ వాసన వస్తుంది. పులుపు తగిలితే అది విరిగిపోతుంది. మన పెద్దలు చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసంతోనో మజ్జిగతోనో రుద్ది కడగడం, చింతపండుతో వండడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. పది నిమిషాలు అలా ఉంచి, ఒకసారి కడిగి, తడి అద్దండి.

కొర్రమీనులో కొవ్వు చాలా తక్కువ కనుక సాల్మన్ లాగా వట్టి పెనం మీద కాలిస్తే పీచులా అవుతుంది. దానికి ఆవిరి మంచిది. గుప్పెడు కొత్తిమీర, నాలుగు పుదీన రెమ్మలు, మూడు పచ్చిమిర్చి, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, రెండు చెంచాల వేయించిన పల్లీలు, ఉప్పు, నిమ్మరసం కలిపి మెత్తగా నూరండి. పాలమూరు పల్లీలోని నూనె ఇక్కడ చేపలో లేని కొవ్వును భర్తీ చేస్తుంది. ఈ ముద్దను అర్ధాంగుళం మందం ముక్కలకు పట్టించి, అరటి ఆకులో గానీ మూతగిన్నెలో గానీ సర్దండి. ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగాక, మొదట కింది తలెలో పలుచగా కోసిన ఆలుగడ్డ, క్యారెట్, చిక్కుడు ముక్కలను ఉప్పు, మిరియాల పొడి చల్లి పెట్టండి. ఏడెనిమిది నిమిషాల తరువాత పై తలెలో చేప పెట్టి మూతపెడితే, మరో పది నిమిషాల్లో రెండూ కలిసి ఉడుకుతాయి. కారం తక్కువ కావాలంటే పాప ముక్కకు పచ్చిమిర్చి లేని ముద్ద విడిగా తీసి ఉంచండి.

చింతచిగురు వచ్చే రోజుల్లో ఇంకా సులువైన దారి ఉంది. చింతపండు నానబెట్టి పిసికే పని ఉండదు. రెండు ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి నూనెలో మగ్గాక, చేతులతో నలిపిన రెండు గుప్పెళ్ళ చింతచిగురు, ఉప్పు, కారం, పసుపు, ఒక గ్లాసు నీళ్ళు వేసి, తెర్లడం మొదలయ్యాక రవ్వ ముక్కలు పరిచి మూతపెట్టండి. పది నిమిషాలు చాలు. గంటె పెట్టి కలిపితే ముక్కలు విరుగుతాయి కాబట్టి, గిన్నెను రెండు వైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. దీనికి జొన్నరొట్టె ఉంటే అన్నం అక్కరలేదు. పక్కన సొరకాయ ముక్కలు ఉడికించి తాలింపు పెడితే కూరగాయ లోటు కూడా తీరుతుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. ఒక దుకాణంలో ఇండియన్ సాల్మన్ అని రాసి ఉన్న చేప కొన్నాను. ఇంటికి వచ్చి విప్పితే తెల్లగా ఉంది. నన్ను మోసం చేశారా?

జవాబు: మోసం కాకపోవచ్చండీ. ఇండియన్ సాల్మన్ పేరుతో మన దేశంలో అమ్మే చేప వేరే జాతికి చెందినది. ముంబయి వైపు దాన్ని రావస్ అంటారు, మన కోస్తాలో మాగ అంటారు. అది మన సముద్రతీరంలోనే దొరికే మంచి చేప, కానీ నారింజ రంగు సాల్మన్‌తో దానికి చుట్టరికం లేదు. సాల్మన్‌కు ఆ రంగు అస్టాజాంతిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. సముద్రంలో తిరిగే సాల్మన్‌కు అది రొయ్యల వంటి చిన్న జీవులను తినడం వల్ల, పెంపకపు సాల్మన్‌కు దాణా ద్వారా అందుతుంది. మాగలో కొవ్వు తక్కువ. పైన చెప్పిన పెనం పద్ధతే వాడండి గానీ నూనె ఇంకొక చెంచా పెంచి, మూతపెట్టి మగ్గించండి. ధర మాత్రం నారింజ రంగు సాల్మన్ ధరతో సమానంగా వసూలు చేసి ఉంటే అడగవలసిందే.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. గడ్డకట్టిన చేపను ఉదయం బయట పెట్టి పనికి వెళ్ళి, సాయంత్రం వండవచ్చా? మా పొరుగింటి అక్క అలాగే చేస్తారు.

జవాబు: వద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్పక తప్పదు. వండని చేపను మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటకు మించి బయట ఉంచకూడదు. మన ప్రాంతంలో వేసవి పగలు 40 దాటడం మామూలే. ముక్క లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైభాగం వెచ్చబడి, అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చడం అన్నిటికంటే మంచిది. మరచిపోతే, నీరు చొరని సంచిలో ముక్కలను మూసి చల్లని నీళ్ళ గిన్నెలో ముంచి, పదిహేను నిమిషాలకోసారి నీళ్ళు మార్చండి. ముప్పావుగంటలో చిన్న ముక్కలు వండుకునేందుకు సిద్ధమవుతాయి. వేడినీళ్ళు పోయవద్దు.

గాలి తీసి మూసిన ప్యాకెట్ అయితే, ఫ్రిజ్‌లో కరగడానికి పెట్టే ముందే దాన్ని కత్తిరించి తెరవాలి. గాలి లేని చోట పెరిగి విషం తయారుచేసే బాక్టీరియా ఒకటి ఉంది, దానికి ఫ్రిజ్ చల్లదనం పూర్తి అడ్డు కాదు. కరెంటు చాలాసేపు పోయి ప్యాకెట్ పూర్తిగా కరిగి వెచ్చబడి ఉంటే, ఖరీదు చూసుకోకుండా పారేయండి.

ప్రశ్న: చేప తిన్న రోజు పెరుగు తింటే బొల్లి వస్తుందని మా ఇంట్లో అంటారు. నిజమా?

జవాబు: దానికి శాస్త్రీయ ఆధారం లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల బొల్లి వస్తుంది. శరీరపు రోగనిరోధక వ్యవస్థే ఆ కణాలపై దాడి చేయడం అందుకు ముఖ్య కారణం. బెంగాలీలు పెరుగు వేసి చేప కూర వండుకోవడం తరతరాలుగా ఉంది. చేప గానీ పాలు గానీ పడని వారు మాత్రం వైద్యుల సలహా పాటించాలి. పెద్దల మాట కాదనడం మీకు ఇష్టం లేకపోతే ఆ రోజు పెరుగు మానేసినా నష్టమేమీ లేదు.

ప్రశ్న: రాత్రి మిగిలిన చేపను మరునాడు డబ్బాలో పెట్టుకోవచ్చా? వేడిచేస్తే గట్టిపడుతోంది. – నాగర్‌కర్నూల్

జవాబు: భోజనాలు కాగానే, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మరునాడు వాడుకోవచ్చు. ముక్కను నేరుగా పెనం మీద వేడిచేయకండి. ముళ్ళు తీసి చేత్తో విడదీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, మిగిలిన కూరగాయలను నూనెలో వేయించి, చేపను చివరన వేసి, రెండు చెంచాల నీళ్ళు చల్లి మూతపెట్టండి. పొగలు వచ్చేదాకా వేడెక్కాక దించి, కొత్తిమీర చల్లి, జొన్నరొట్టెలో చుట్టి పెట్టుకోండి. ఎండాకాలంలో డబ్బా మధ్యాహ్నం దాకా సంచిలోనే ఉండేటట్లయితే చేప తీసుకెళ్ళకుండా, దాన్ని ఉదయం ఇంట్లోనే తినేయడం మంచిది.